పరాయి దేశం, పాట కచేరీ, పక్కనున్న మనిషి

కిందటేడు మా ఆస్పత్రి ఓ.పి.కి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు వచ్చారు. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో కొడుకు దగ్గర ఆరు నెలలుండి తిరిగొచ్చారు. నాలుగు కిలోల బరువు తగ్గారు. నిద్ర లేదు, అన్నం సయించడం లేదు. షుగరు, థైరాయిడ్, ఎక్స్‌రే అన్నీ చూశాం. ఎక్కడా తేడా లేదు.

"అక్కడ రోజుకి ఎంతమందితో మాట్లాడేవారు మాస్టారూ?" అని అడిగాను. వేళ్ళు మడవబోయి ఆగిపోయారు. "అబ్బాయి, కోడలు. అదీ రాత్రి ఎనిమిది దాటాక" అన్నారు.

నలభై ఏళ్ళు పిల్లల మధ్య గడిపిన మనిషి! చిన్న మోతాదులో మందు రాశాను. దిగులు ముదిరితే మందు తప్పదు సుమా, కబుర్లతో పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ ఆయనకి మందు ఒక్కటే చాలదని నాకు తెలుసు. ఎందుకంటే ఆ ఒంటరితనం కొద్దిగా నేనూ రుచి చూశాను.

2018 ఆగస్టులో సెలవు పెట్టి లండన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. తను ఆఫీసుకి వెళ్ళాక ఇంట్లో నేనూ, గోడ గడియారమూ. పది రోజులకే బి.పి. పెరిగింది. అమ్మాయి విసుగెత్తి "నాన్నా, రాయల్ ఆల్బర్ట్ హాలుకి వెళ్ళు, కచేరీలు జరుగుతున్నాయి" అని తరిమింది. వాటిని ప్రామ్స్ అంటారు. 1895లో మొదలయ్యాయి. వేసవిలో ఎనిమిది వారాలు ఇంచుమించు రోజూ ఉంటాయి. నిలబడి వినేవారికి టిక్కెట్టు చవక. అప్పట్లో దానికోసం క్యూలో నిలబడేవాళ్ళం. ఇప్పుడు ఫోన్లోనూ కొనుక్కోవచ్చంటున్నారు. ఆ క్యూ పోతే సగం లాభం పోయినట్టేనని నా అభిప్రాయం.

క్యూలో నా వెనక డెబ్బై దాటిన ఒక తెల్లాయన. నాకు వాళ్ళ సంగీతంలో ఓనమాలు తెలియవు. అదే ఆయనతో చెప్పేశాను. తెలియదని చెప్పడమంత మంచి పలకరింపు మరొకటి లేదండీ! గంటసేపు నాకు పాఠం చెప్పాడు. రైల్వేలో చేసి రిటైరయ్యాడట, భార్య పోయిందట.

లోపల పైన గ్యాలరీలో నిలబడ్డాం. అరగంటకి నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. డాక్టరునై ఉండీ చేసిన తప్పు చూడండి: బి.పి. మాత్ర వేసుకున్నాను, మధ్యాహ్నం నుంచి చుక్క నీళ్ళు తాగలేదు. కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. దాన్ని పైకి తోసే పంపు మన పిక్కలే. అవి కదలకపోతే మెదడుకి రక్తం చాలదు. ఆయన నా మొహం చూసి, చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. ఆ గ్యాలరీలో దుప్పటి పరచుకుని పడుకుని వినేవాళ్ళూ ఉంటారు, సిగ్గుపడవలసిందేం లేదు. మీరు వెళితే ముందే నీళ్ళు తాగండి, మడమలు పైకెత్తి దించుతూ ఉండండి, తల తిరిగితే వెంటనే కూర్చోండి. షుగరు మందు వాడేవాళ్ళు జేబులో బిస్కెట్లు పెట్టుకోవాలి.

తర్వాత మరో నాలుగు కచేరీలకి కలిశాం. మూడోసారి మెట్లెక్కుతూ ఆయన రెండుసార్లు ఆగాడు. బూట్ల పైన చీలమండలు ఉబ్బి ఉన్నాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడింది. "రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటున్నారు?" అన్నాను. "మూడు. కొడుక్కి చెప్పలేదు" అన్నాడు. కొడుక్కి చెప్పని మాట క్యూలో పరిచయమైనవాడికి చెప్పాడు! మర్నాడే వాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమని పట్టుబట్టాను. గుండె బలహీనమైందని తేలింది. ఇప్పుడు మందుల మీద బాగానే ఉన్నాడు. ఏటా క్రిస్మస్‌కి కార్డు పంపుతాడు.

"కొత్తవాళ్ళతో ఏం మాట్లాడతాం, విసుక్కోరూ?" అని మీరు వెనకాడవచ్చు. 2014లో చికాగోలో ఇద్దరు పరిశోధకులు రైల్లో వెళ్ళేవారి మీద ఇదే పరీక్ష చేసి చూశారు. మాట్లాడితే ప్రయాణం పాడవుతుందని ముందు అనుకున్నారు. తీరా మాట్లాడినవారికే ప్రయాణం హాయిగా గడిచింది. 2010లో మరి కొందరు 148 అధ్యయనాలు, మూడు లక్షలకి పైగా మనుషుల వివరాలు కలిపి చూశారు. నలుగురితో గట్టి సంబంధాలున్నవారు బతికి ఉండే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువని లెక్క తేలింది. రెండు కచేరీలకి వెళితే ఆయుష్షు పెరుగుతుందని దీని అర్థం కాదు, కానీ సంబంధం ఎక్కడో ఒకచోట మొదలు కావాలి కదా! పాస్‌పోర్టు, డబ్బు, ఇంటి తాళాలు మాత్రం ఎంత మంచివాడనిపించినా చేతికివ్వకండి.

మాస్టారు మళ్ళీ ఒహాయో వెళ్ళేముందు క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన సంగతి చెప్పాను. 1978 నుంచి ఈస్టరు రోజుల్లో జరుగుతోంది. కొడుకు ఇంటికి కారులో రెండు గంటలు. "నాకు సంగీతం రాదండీ" అన్నారు. "తెలుగు వచ్చు కదా" అన్నాను. అక్కడ పాడేవారిలో, వినేవారిలో చాలామంది తమిళులు. కీర్తనలేమో తెలుగువి.

మే నెలలో ఫోన్ చేశారు. పక్క కుర్చీలో తంజావూరు పెద్దాయన ఒకరు ఏదో మాటకి అర్థం అడిగారట. మాస్టారికీ వెంటనే తట్టలేదట. ఇంటికెళ్ళి నిఘంటువు చూసి ఫోన్ చేసి చెప్పారట. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆయన అరడజను మాటలు రాసిపెట్టుకుని ఫోన్ చేస్తున్నారట. బరువు రెండు కిలోలు పెరిగిందన్నారు. నిద్ర ఐదు గంటలు పడుతోందట. మందు మానేయమంటారా అని అడిగారు. అప్పుడే వద్దన్నాను.