మీకు తెలుసా? నల్గొండ పేరు ఖండాలు దాటింది
పేస్టులో పళ్లు పుచ్చకుండా కలిపే ఫ్లోరైడే తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్లకు మచ్చలు తెస్తుంది. చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులోనే పడే మచ్చలివి. తర్వాత ఎంత తోమినా పోవు. నీటిలోని ఫ్లోరైడ్‌కు నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు 1970ల్లో కనిపెట్టిన విరుగుడు పేరు ‘నల్గొండ టెక్నిక్’. సరుకంతా ఊళ్లో దొరికేదే. నీళ్లలో సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి కలియబెడితే తెల్లటి తరకలు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతాయి. పైతేట వడగట్టుకుని తాగడమే. టాంజానియా పల్లెల్లో బకెట్లతోనే ఈ పని చేసి చూశారు. చిక్కల్లా పటిక మోతాదుతోనే: లెక్క తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది మరో తలనొప్పి.