యాప్‌కి ఐకాన్ ఎందుకంత ముఖ్యం?

ప్లే స్టోర్‌లో ఏదైనా వెతికితే ఒకేలాంటి పని చేసే యాప్‌లు బోలెడు వచ్చిపడతాయి. పేరు చదివేలోపే మన కన్ను ఐకాన్ రంగునీ, ఆకారాన్నీ పట్టేస్తుంది. అంత చిన్న బొమ్మలో వివరాలన్నీ కుక్కితే ఏదీ కనబడదు.

ఇన్‌స్టాగ్రామ్ సంగతి చూడండి. దాని పాత ఐకాన్ ఒక పాతకాలపు కెమెరా బొమ్మ. దాన్ని మార్చే ముందు, తమ సంస్థలోని వాళ్లనే 5 సెకన్లలో ఆ ఐకాన్‌ను గుర్తున్నంతవరకు గీయమన్నారు. దాదాపు అందరూ గీసినవి ఇంద్రధనుస్సు రంగుల చార, లెన్స్, వ్యూఫైండర్. ఎంత చక్కని పరీక్షో! 2016 మే నెలలో వచ్చిన కొత్త ఐకాన్‌లో ఆ మూడూ మిగిలాయి: చార కాస్తా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే రంగులైంది, లెన్స్ గుండ్రని గీత అయింది, వ్యూఫైండర్ చుక్కయింది. పాతదే బాగుందని మొదట చాలామంది గోల పెట్టారు. అయినా యాప్ వాడకం తగ్గలేదు.

అది ఐకాన్ గొప్పతనమే అనలేం. యాప్ సరిగ్గా పనిచేయకపోతే ఎంత అందమైన ఐకాన్ ఉన్నా తీసేస్తాం. మొదటిసారి మన వేలిని తనవైపు లాగడం, తర్వాత ఫోన్‌లో ఇట్టే దొరకడం, ఇవే ఐకాన్ చేయగలిగే పనులు.

ఏ ఐకాన్ మెరుగో ముందే తెలుసుకోవచ్చు కూడా. ప్లే స్టోర్‌లో కొందరికి ఒకటి, మరికొందరికి ఇంకొకటి చూపించి, దేన్ని చూసినవాళ్లు ఎక్కువగా యాప్ దింపుకున్నారో తయారీదారులు పోల్చి చూస్తారు.