కంటిచూపును నిలబెట్టే మూలకణాలు

మానవ శరీరంలోని కణాలలో అధికభాగం ఒకే పనికి పరిమితమై, కాలం తీరగానే నశిస్తాయి. వాటి లోటును భర్తీ చేసేవి మూలకణాలు. ఇవి విభజన చెందుతూ తమ సంఖ్యను నిలుపుకొనడమే గాక, అవసరమైన కణజాలంగానూ రూపొందగలవు. ఈ గుణమే వైద్యరంగంలో వీటిపై ఆశలు పెంచింది. ఆ ఆశ ఆచరణలో ఫలించిన సందర్భాలలో కంటి చికిత్స ఒకటి.

నల్లగుడ్డుపై ఉండే పారదర్శకమైన పొర కార్నియా. దీని పైభాగపు కణాలు నిరంతరం రాలిపోతూ ఉంటాయి. కార్నియా, తెల్లగుడ్డు కలిసే వలయాకారపు అంచును లింబస్ అంటారు. అక్కడి మూలకణాలే కొత్త కణాలను అందిస్తాయి. పొలానికి నారుమడి ఎటువంటిదో కార్నియాకు లింబస్ అటువంటిది.

సున్నం కంటిలో పడితే ఈ నారుమడి కాలిపోతుంది. సున్నం క్షారం కావడం వలన కణజాలంలోకి లోతుగా చొచ్చుకుపోతుంది. మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం తయారుచేసే రైతులకు, సున్నం పొట్లాలతో ఆడుకునే పిల్లలకు ఈ ప్రమాదం కలదు. మూలకణాలు నశించినప్పుడు తెల్లగుడ్డుపై పొర రక్తనాళాలతో సహా కార్నియాపైకి వ్యాపించి చూపును కప్పివేస్తుంది. ఈ స్థితిలో దాత కార్నియాను అమర్చినా, పైపొరను పోషించే మూలకణాలు లేనందున అది సాధారణంగా నిలువదు.

1997లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఇద్దరు రోగుల ఆరోగ్యవంతమైన కంటి నుండి లింబస్ కణాలను సేకరించి, ప్రయోగశాలలో పెంచి, దెబ్బతిన్న కంటికి అమర్చారు. అయితే కణాలను పెంచడానికి ప్రత్యేక ప్రయోగశాల, అధిక వ్యయం అవసరం. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ వైద్యులు, సహపరిశోధకులతో కలిసి 2012లో ప్రకటించిన పద్ధతిలో ఈ అవసరం లేదు. ఆరోగ్యవంతమైన కంటి లింబస్ నుండి సుమారు 2 మి.మీ. పొడవు, 2 మి.మీ. వెడల్పు గల ముక్కను తీసి, మరింత చిన్న ముక్కలుగా కోస్తారు. దెబ్బతిన్న కంటిపై దానంగా లభించిన ఉమ్మనీటి సంచి పొరను పరచి, ఈ ముక్కలను ఫైబ్రిన్ జిగురుతో అతికిస్తారు. కణాలు అక్కడే వృద్ధిచెంది కార్నియాను కప్పుతాయి.

ఈ చికిత్సకు పరిమితులు లేకపోలేదు. రెండు కళ్ళూ దెబ్బతిన్నవారికి సొంత కణాలు లభించకపోవచ్చు. ఇతరుల కణాలు అమర్చితే, శరీరం వాటిని తిరస్కరించకుండా మందులు వాడవలసి ఉంటుంది. కంటి లోపలి భాగాలు పాడైనచో చూపు పూర్తిగా రాకపోవచ్చు. ఒక వ్యాధిలో లభించిన ఫలితాన్ని చూపి, మూలకణాలు సర్వరోగాలనూ నయం చేస్తాయనే ప్రకటనలను నమ్మరాదు.

సున్నం కలిపేటప్పుడు రక్షణ కళ్ళద్దాలు తప్పక ధరించాలి. కంటిలో పడిన వెంటనే శుభ్రమైన నీటితో 15 నుండి 30 నిమిషాలు ధారగా కడిగి, ఆలస్యం చేయక కంటి వైద్యుని సంప్రదించాలి. ఆ తొలి నిమిషాలలో ఎంత సున్నం తొలగితే అంతమేరకు మూలకణాలు దక్కుతాయి.