గేటు వేస్తే దొడ్డిదారి

సికింద్రాబాద్: 2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ రణరంగమైంది. సైన్యంలో నాలుగేళ్ల కొలువు అంటూ కేంద్రం ప్రకటించిన అగ్నిపథ్ పథకంపై ఆగ్రహించిన యువకులు బోగీలకు నిప్పు పెట్టారు. పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంత యువకుడొకరు ప్రాణాలు కోల్పోయాడు. పల్లెల్లో పరుగు పందేలు తీస్తూ సైన్యంలో చేరాలని కలలుగన్న పిల్లలు వాట్సాప్ గ్రూపుల ద్వారానే కూడారని పోలీసులు చెప్పారు.

రెండు రోజులకు, తప్పుడు వార్తలు ప్రచారం చేస్తున్నాయంటూ 35 వాట్సాప్ గ్రూపులను కేంద్రం నిషేధించింది. ఆ రోజుల్లోనే బీహారులో పలు జిల్లాలకు ఇంటర్నెట్ ఆపేశారు. అంతకు నెల ముందు, మే 24 నాటి అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలోనూ ఇంతే. ఇంటి నుంచే కంపెనీ పని చేసుకునే కుర్రాళ్లు సిగ్నల్ కోసం గోదావరి గట్లకు, పొరుగు ఊళ్లకు పరుగులు తీశారు.

గేటు వేస్తే జనం దొడ్డిదారి వెతుక్కుంటారు. అలాంటి దారే వీపీఎన్. ఉత్తరాన్ని మరో కవరులో పెట్టి పొరుగూరి చుట్టానికి పంపితే, ఆయన పై కవరు చించి లోపలిది అసలు చిరునామాకు వేస్తాడు. ఊళ్లో పోస్టుమాస్టరుకు చుట్టం పేరే కనబడుతుంది. వీపీఎన్ చేసేదీ అదే. ‘టార్’లో ఇలాంటి చుట్టాలు ముగ్గురు. పంపినవారు, అందుకున్నవారు ఇద్దరూ వారిలో ఏ ఒక్కరికీ తెలియరు. అయితే టవరే ఆపేస్తే ఈ రెండూ పనిచేయవు.

ఇంతకీ ఆ చుట్టం ఎవరు? ఊరూ పేరూ లేని ఉచిత వీపీఎన్ మన సమాచారాన్ని అమ్ముకున్నా అడిగే దిక్కుండదు. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టే.

వాడేవారి పేర్లు, చిరునామాలు అయిదేళ్లు భద్రపరచాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ వీపీఎన్ కంపెనీలను ఆదేశించింది. కొన్ని విదేశీ కంపెనీలు దేశంలోని తమ సర్వర్లనే ఎత్తేశాయి. దారి మూతపడలేదు, సరిహద్దు దాటింది.

ఇంటర్నెట్‌ను గడువు లేకుండా ఆపరాదని, ఆపిన ఉత్తర్వును బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది. ఎందుకు ఆపారో, ఎన్నాళ్లో అడిగే హక్కు పల్లెవాసికీ ఉంది. అధికారులు నోరు విప్పి నిజం చెప్పిన చోట పుకారుకూ, దొడ్డిదారికీ గిరాకీ తగ్గుతుంది.