క్రిప్టో వాలెట్‌కు పేరు లేకపోయినా.. ఎలా దొరికిపోయారు?

బిట్‌కాయిన్ వాలెట్ అడ్రస్‌లో పేరుండదు, ఫోన్ నంబర్ ఉండదు. ఇక మనం ఎవరికీ దొరకం అనుకుంటే పొరపాటే! ప్రతి లావాదేవీ బ్లాక్‌చెయిన్‌లో అందరికీ కనిపిస్తుంది, చెరిపేయడం కుదరదు.

2016లో బిట్‌ఫినెక్స్ ఎక్స్ఛేంజ్ నుంచి 1,19,754 బిట్‌కాయిన్లు కొట్టేశారు. చిన్న చిన్న మొత్తాలుగా విడగొట్టి అడ్రస్‌లు మార్చి మార్చి తిప్పారు. అయినా అమెరికా దర్యాప్తు అధికారులు జాడ వదల్లేదు. కొంత సొమ్ము అసలు పేర్లతో ఉన్న ఖాతాల్లోకి చేరింది.. అక్కడే గుట్టు రట్టయింది! 2022లో న్యూయార్క్‌లో భార్యాభర్తలు అరెస్టయ్యారు. 94 వేలకు పైగా కాయిన్లు స్వాధీనం.

మన దేశంలోనూ ఎక్స్ఛేంజీలు కేవైసీ తీసుకోవాల్సిందే. మీ పేరు ఒక్క అడ్రస్‌కు ముడిపడితే దాని పాత లావాదేవీలన్నీ మీవేనని తేలిపోతుంది. డబ్బు అందుకునే ప్రతిసారీ కొత్త అడ్రస్ వాడటం కొంత మేలు. పాతదే వాట్సాప్ గ్రూపులో పెడితే మాత్రం.. మీ బ్యాలెన్స్ ఎంతో గ్రూపులో ఎవరైనా చూసేయొచ్చు.