తాళం ఎవరి చేతిలో ఉంది?

ఆ రోజు ఆదివారం. ఆరాధనకు వేళవుతున్నది. ఇంట్లో పెరుగు లేదు. పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి, "స్కూటరు మీద వెళ్లి క్షణంలో తెచ్చేస్తాను" అన్నాడు. అప్పటికి ఆరు నెలలుగా సందు చివరిదాకా నడుపుతూనే ఉన్నాడు. మేము మారు మాట్లాడకుండా తాళం చేతికిచ్చాము.

మలుపు దగ్గర జామకాయల తట్ట పెట్టుకొని కూర్చునే మామ్మగారు ఉన్నారు. ఎదురుగా వచ్చిన ఆటోను తప్పించబోయి, వాడు బండిని ఆ తట్ట మీదికే పోనిచ్చాడు. మామ్మగారి మణికట్టు ఎముక విరిగింది.

మేము వైద్యం చేయించాము. ఆమె కూర్చోలేని ఆరు వారాల సంపాదన ఇచ్చుకున్నాము. ఆమె కేసు పెట్టలేదు. ఇంటికి వచ్చాక అబ్బాయిని గట్టిగా మందలించాము. వాడు తల వంచుకొని, "తప్పు నాదే నాన్నా. కాని తాళం మీరే ఇచ్చారు కదా" అన్నాడు.

మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. హైస్కూలు పిల్లలున్న తలిదండ్రులతో ఈ నాలుగు మాటలు పంచుకోవాలని అప్పుడే అనుకున్నాము.

చట్టం ఏమంటున్నది?

"గేర్లు లేని బండే కదా, పరవాలేదు" అని మనలో చాలామంది అనుకుంటాము. మేమూ అలాగే అనుకున్నాము. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు రోడ్డు మీద మోటారు బండి నడపకూడదు. 16 నిండినవారికి ఇచ్చిన మినహాయింపు 50 సి.సి.కి మించని ఇంజను గల బండికే, అదీ లైసెన్సు తీసుకొన్న తరువాతనే. మన ఇళ్లలోని పెట్రోలు స్కూటర్లు చాలావరకు 100 సి.సి.కి పైబడినవే.

2019లో ఈ చట్టాన్ని సవరించి 199ఎ అనే సెక్షను చేర్చారు. మైనరు బండి నడిపి నేరం జరిగితే, సంరక్షకుడిని, బండి యజమానిని దోషులుగా ఎంచుతారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చు. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. "మాకు తెలియకుండా తీశాడు" అంటే దానిని రుజువు చేసుకోవలసిన బాధ్యత కూడా పెద్దలదే. మామ్మగారు ఆ రోజు పోలీసు స్టేషను మెట్లెక్కి ఉంటే మేమూ ముద్దాయిలమయ్యేవాళ్లము.

పాఠం ఒక్కటే చాలునా?

"బడిలోనే డ్రైవింగు నేర్పితే బాగుంటుంది కదా" అని కొందరంటారు. ఆ పని అమెరికాలో ఎప్పుడో మొదలైంది. 1930వ దశకంలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఏమోస్ నైహార్ట్ అనే ఆచార్యుడు హైస్కూలు విద్యార్థులకు కారు నడపడం నేర్పసాగాడు. క్రమేణా అది దేశమంతటా బడి పాఠమైంది.

1970ల చివరలో జార్జియా రాష్ట్రంలోని డికాబ్ కౌంటీలో సుమారు 16,000 మంది విద్యార్థులను మూడు గుంపులు చేసి పరిశీలించారు. ఒక గుంపుకు విస్తారమైన శిక్షణ, మరొక గుంపుకు క్లుప్తమైన శిక్షణ ఇచ్చారు. మూడవ గుంపుకు బడిలో ఏమీ నేర్పలేదు. శిక్షణ పొందినవారిలో తొలి నెలల్లో కొంత మేలు కనబడినా, కాలం గడిచేకొద్దీ ప్రమాదాల్లో చెప్పుకోదగిన తేడా మిగలలేదు. చేతికి నేర్పు వచ్చినంత మాత్రాన మనస్సుకు నిదానం రాదని తేలింది.

ఆ తరువాత వారు మరొక మార్గం పట్టారు. 1996లో ఫ్లోరిడాతో మొదలుపెట్టి ఒక్కొక్క రాష్ట్రం మెట్లు మెట్లుగా లైసెన్సు ఇవ్వసాగింది. మొదట పెద్దవారు పక్కన కూర్చుంటేనే నడపాలి. పిమ్మట ఒంటరిగా నడపవచ్చు గాని రాత్రివేళ కూడదు. చాలా రాష్ట్రాల్లో స్నేహితులను ఎక్కించుకోవడానికి కూడా హద్దు పెట్టారు. ఈ పద్ధతి వచ్చాక 16 ఏళ్లవారి ప్రమాదాలు తగ్గాయి. పాఠంతోపాటు తల్లో తండ్రో పక్కన కూర్చోవడం, స్వేచ్ఛను కొంచెం కొంచెంగా ఇవ్వడం అవసరమని దీనివలన తెలుస్తున్నది.

వాక్యపు వెలుగులో

నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దును గూర్చిన కట్టడ ఉన్నది. ఎద్దు అకస్మాత్తుగా ఎవరినైనా పొడిచి చంపితే యజమాని నిర్దోషి. అయితే అది పొడిచేదని ముందే తెలిసి, హెచ్చరిక విని కూడా దానిని కట్టివేయకపోతే, ఆ ప్రాణానికి యజమాని ఉత్తరవాది. వేల ఏండ్ల క్రితం ఇచ్చిన ఆ మాటకూ 199ఎ సెక్షనుకూ ఎంత పోలిక! ఇన్నాళ్లూ ఈ భాగాన్ని పాతకాలపు పశువుల చట్టమని దాటిపోయేవాళ్లము. మా స్కూటరే ఆ ఎద్దు అని ఇప్పుడు గ్రహించాము.

2 రాజులు 9వ అధ్యాయంలో కావలివాడు దూరంనుండే రథం వేగం చూసి, వచ్చేది యెహూ అని గుర్తుపట్టాడు. మన తోలడం చూసి మనమెవరమో ఇతరులు పోల్చుకుంటారన్నమాట. హెల్మెట్టు హ్యాండిలుకు తగిలించి, ఒకే బండి మీద నలుగురం గుడికి వెళ్తుంటే, వెనక కూర్చున్న పిల్లవాడు ఆ పాఠమే నేర్చుకుంటాడు. వాడి మొదటి డ్రైవింగు స్కూలు మన వెనక సీటే.

మనం చేయగలిగినది

పద్దెనిమిది నిండేదాకా సైకిలు చాలు. నిండిన తరువాత ముందు లెర్నరు లైసెన్సు తీయించాలి. దానికి ఆరు నెలల గడువుంటుంది. కనీసం 30 దినాలు గడిచాకనే పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. ఆ 30 దినాలను ఏదో తంతులా గడపక, నేర్పడానికి వాడుకోవాలి. లెర్నరు తన బండి మీద నేర్పేవారిని తప్ప వేరెవరినీ ఎక్కించుకోకూడదు. మొదట పగలు, రద్దీ లేని దారిలో, మనం వెంట ఉండగా నడపనిద్దాం. రాత్రి ప్రయాణం, స్నేహితులతో షికార్లు తరువాత చూసుకోవచ్చు. సంఘ పెద్దలు వి.బి.ఎస్.లోనో యౌవనస్థుల కూడికలోనో ఒక గంట కేటాయించి, ట్రాఫిక్ అధికారిని పిలిచి మాట్లాడిస్తే మేలు.

కట్టు విప్పేదాకా మా అబ్బాయి ప్రతి సాయంత్రం మామ్మగారి ఇంటికి వెళ్లి నీళ్లు తోడిపెట్టి వచ్చాడు. ఇప్పుడు వాడికి పదిహేడేళ్లు. కాలేజీకి సైకిలు మీదే వెళ్తున్నాడు. స్నేహితులు ఎగతాళి చేస్తున్నారని అప్పుడప్పుడు ముఖం ముడుచుకుంటాడు. మాకూ మనసు కలుక్కుమంటుంది. అయినా తాళం బీరువాలోనే ఉన్నది.

బిడ్డలు ప్రభువు మనకప్పగించిన స్వాస్థ్యం. దారి పక్కన తట్ట పెట్టుకొని కూర్చున్న తల్లి కూడా ఆయన బిడ్డే. ఇద్దరినీ కాపాడే బుద్ధిని ప్రభువు మనకు దయచేయును గాక.