పిక్క వాచిందా? బన్ని దెబ్బే కదా అని వదిలేయకండి!

ఈరోజు ఎపిసోడ్ దేవరగట్టు నుంచి మొదలుపెడదాం. దసరా రాత్రి మాళమల్లేశ్వర స్వామి కల్యాణం, ఆ తర్వాత ఉత్సవ మూర్తుల కోసం కర్రల సమరం. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు ఒకవైపు, మిగతా ఊళ్ళు ఇంకోవైపు. వీడియోలు మీరూ చూసే ఉంటారు. దెబ్బ తగిలితే బండారు అద్దుకుంటారు. తల పగిలితే ఆదోని ఆస్పత్రికి తీసుకెళ్తారు. మరి కాలికి తగిలితే? "ఏం కాదులేప్పా, నాలుగు రోజులు పడుకుంటే తగ్గిపోతుంది" అంటారు. ఆ నాలుగు రోజుల గురించే ఈరోజు మాట్లాడుకుందాం.

కాళ్ళలోని రక్తం పైకి, గుండె దాకా ఎక్కాలి కదా. నడిచినప్పుడు మన పిక్క కండరమే పంపులా దాన్ని పైకి తోస్తుంది. కట్టు వేసుకునో, నొప్పికో మంచం మీదే ఉంటే ఆ పంపు దాదాపు ఆగినట్టే. పైగా దెబ్బకు లోపలి సిర కూడా నలిగితే అక్కడ రక్తం గడ్డకట్టొచ్చు. దీన్నే డీప్ వీన్ త్రాంబోసిస్, షార్ట్‌గా డీవీటీ అంటారు.

కర్ర దెబ్బకే కాదు, ఆపరేషన్ తర్వాత, గర్భిణులకు, బాలింతలకు, కొన్ని గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకు, క్యాన్సర్ ఉన్నవాళ్ళకు కూడా ఈ రిస్క్ ఎక్కువ. ఎమ్మిగనూరు నుంచి పనుల కోసం కదలకుండా గంటల తరబడి బస్సులో కూర్చుని పోయేవాళ్ళూ జాగ్రత్తగా ఉండాలి.

మరి ఎలా గుర్తుపట్టాలి? ఎక్కువగా ఒక కాలే వాస్తుంది. పిక్కలో లోతుగా నొప్పి, పట్టేసినట్టు ఉంటుంది. ముట్టుకుంటే వేడిగా తగులుతుంది. చర్మం ఎర్రగానో, నల్లగానో మారొచ్చు. రెండు పిక్కలనూ ఒకే ఎత్తులో టేపుతో కొలవండి. 3 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే అనుమానించాల్సిందే. మామూలు దెబ్బ వాపు రోజురోజుకీ తగ్గాలి. తగ్గకుండా పెరుగుతోందంటే ఆగకండి. కొందరికి ఈ గుర్తులేవీ కనిపించవు కూడా.

ఇక్కడ మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. నూనె రాసి గట్టిగా పిసికించుకోవడం! వద్దు. గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఉన్నట్టుండి ఆయాసం, గట్టిగా ఊపిరి పీలిస్తే ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

కాలు మాత్రమే వాచినా అదే రోజు డాక్టర్‌కు చూపించండి. డాప్లర్ స్కాన్‌లో గడ్డ ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే రక్తం పల్చబడే మందులు ఇస్తారు, మామూలుగా కనీసం 3 నెలలు వాడాలి. మీ అంతట మీరు మాత్రలు వేసుకోవద్దు, మధ్యలో ఆపేయొద్దు.

2024లో దసరా అక్టోబర్ 12న వచ్చింది. తెల్లారితే అక్టోబర్ 13, ప్రపంచ త్రాంబోసిస్ దినం! ఈసారి బన్ని అయ్యాక ఫోన్‌లో వీడియో ఒక్కటే చూసి వదిలేయకండి. కాలికి దెబ్బ తగిలిన అన్నకో, తమ్ముడికో ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: "పిక్క వాచిందా?"